మూతపడిన లోహ గనులు: చరిత్రగా కాపాడాలా, చదును చేసేయాలా?

తవ్వకం:
రాగి, సీసం, బంగారం తీసినంత తీసి వదిలేసిన గనులు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటి షాఫ్టులు (లోపలికి దిగే నిలువు బావులు), ఇనుప టవర్లు, చిట్టెం (లోహం తీశాక మిగిలిన వ్యర్థం) గుట్టలు వారసత్వ సంపద అని కొందరంటారు. అవి ప్రమాదం కాబట్టి పూడ్చి చదును చేయాలని ఇంకొందరంటారు. మీరేమంటారు? కారణం కూడా రాయండి.

ఏటిగట్టు:
నా ఓటు చదును చేయడానికే. సల్ఫైడు ఖనిజానికి, అంటే గంధకం కలిసిన ఖనిజానికి, గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాళ్లలోని లోహాలను కరిగించి వాగుల్లో కలుపుతుంది. గని మూసేసినా ఇది ఆగదు, వందల ఏళ్లు సాగవచ్చు. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ అనే తగరం గనిని మూసి పంపులు ఆపేశారు. నీరు నిండింది. 1992 జనవరిలో లోహాలు కలిసిన ఆ నీరు ఒక్కసారిగా బయటపడి, ఫాల్ నది సముద్రంలో కలిసే చోటు దాకా ఎర్రగా పారింది. దిగువన మనుషులు బతుకుతున్నప్పుడు విషపు గుట్టకు బోర్డు పెట్టి చరిత్ర అనడం నాకు నచ్చదు.

పాతమ్యాపు:
ఏటిగట్టు గారూ, నీళ్ల విషయంలో మీరు చెప్పింది నిజం. కానీ చరిత్రను చెరిపేస్తే నీళ్లు బాగుపడతాయన్న దగ్గర నేను మీతో లేను. నా లెక్కలో గని చరిత్ర, గని భద్రత రెండూ ఒకే అల్మరాలో ఉంటాయి. ఆ అల్మరాలో ఉండేది పాత మ్యాపులు, పంపుల రిజిస్టర్లు, ఏ సొరంగానికి ఎక్కడ అడ్డుగోడ కట్టారో రాసిన కాగితాలు.

2002లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్యూక్రీక్ గనిలో ఏం జరిగిందో చూడండి. అది బొగ్గు గని, అయినా పాఠం ఒకటే. పక్కనే నీటితో నిండిన పాత గని ఉంది. అది ఎక్కడి దాకా తవ్వారో చూపే చివరి మ్యాపు పనివాళ్ల దగ్గర లేదు. పాత గని ఇంకా దూరంలో ఉందనుకుని తవ్వుతూ నేరుగా అందులోకే వెళ్లారు. 9 మంది నీళ్ల మధ్య చిక్కుకున్నారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, అదొక్కటే ఊరట. 2015 ఆగస్టులో కొలరాడోలో గోల్డ్ కింగ్ గని దగ్గర శుభ్రం చేయడానికి వెళ్లిన బృందమే గని ముఖద్వారానికి అడ్డుగా ఉన్న మట్టికట్ట తెగడానికి కారణమైంది. లోపల నీరు ఎంత ఎత్తున నిలిచిందో ముందుగా రంధ్రం వేసి కొలవలేదు. యానిమస్ నది పసుపు రంగులోకి మారింది. శుభ్రం చేయాలన్నా ముందు లోపలేముందో తెలియాలి కదా!

ఇక గుట్టల సంగతి. రాజస్థాన్‌లోని జావర్‌లో జింకు తీసిన మట్టి మూసలు (ఖనిజం నింపి కాల్చే పాత్రలు) గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక్కో మూస పొడుగు వంకాయలా ఉంటుంది. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది. మామూలు కొలిమిలో అయితే పొగతో పాటు పోయేది. అక్కడివాళ్లు ఖనిజం నింపిన మూసను తలకిందులుగా కొలిమిలో పెట్టారు. ఖనిజం జారిపడకుండా మూతిలో ఒక పుల్ల గుచ్చారు. వేడికి ఆ పుల్ల కాలిపోయి, ఆవిరి కిందికి దిగడానికి దారి మిగిలింది. కింద చల్లటి గదిలో జింకు పేరుకుంది. ఇంత ఒడుపు మనకు తెలిసింది పారేసిన మూసలు చూసే! చెత్త అని చదును చేసుంటే ఆ తెలివి ఎప్పుడూ బయటపడేది కాదు.

నడిరోడ్డు:
మరి డబ్బు? ప్రతి షాఫ్టుకూ కంచె, కాపలా, మ్యూజియం పెట్టాలంటే అయ్యే పని కాదు. స్వీడన్‌లో ఫాలూన్ రాగి గని 1992లో మూతపడింది, 2001లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడ గని మట్టితో చేసే ఎర్ర రంగు ఇళ్లకు ఇప్పటికీ వేస్తున్నారు కాబట్టి ఎంతో కొంత ఆదాయం, పేరు ఉన్నాయి. అన్ని గనులకూ ఆ అదృష్టం ఉండదు.

ఏటిగట్టు:
అదే నేనూ అడిగేది. పాతమ్యాపు గారూ, మూసల గుట్ట వేరు, బంగారం తీయడానికి సయనైడ్ అనే విషం వాడిన మట్టిదిబ్బ వేరు. గాలికి లేచి ఇళ్లలో పడే దుమ్మును కూడా కాపాడమంటారా?

పాతమ్యాపు:
అననండీ. ఆ దిబ్బను కప్పాలి, చెట్లు పెంచాలి, వెంటనే. కప్పేముందు కొలతలు, ఫొటోలు, నమూనాలు తీసుకోవాలని మాత్రం గట్టిగా అంటాను.

డబ్బు కొంచెమే ఉంటే నేను కట్టడాల జోలికి వెళ్లను. ముందు కాగితాలు, ఆ తర్వాత మనుషుల గొంతులు. కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, ఆ వేడిలో, ఏ క్షణాన రాయి పేలుతుందోనన్న టెన్షన్‌తో పనిచేసినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. రాయి పగిలే ముందు ఏ చప్పుడు వినిపించేదో, ఎటు పరిగెత్తేవారో ఏ ఇంజినీరు నివేదికలోనూ పూర్తిగా ఉండదు. ఇనుప టవరు తుప్పు పట్టినా ఇంకో ఇరవై ఏళ్లు నిలబడుతుంది. వాళ్లు ఉండరు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి కోట్లు అక్కర్లేదు, ఒక ఫోనూ ఓపికా చాలు. గని మూసివేత పథకంలోనే ఈ పనికి ఇంత అని డబ్బు రాసిపెట్టాలి. అది లేకుండా ఏ కంపెనీకీ మూసివేత అనుమతి ఇవ్వకూడదన్నది నా మాట.