అప్‌డేట్: నిమిషానికోసారి తెగిపోయే వెబ్‌సాకెట్ గాడిలో పడింది

కౌబాయ్ సర్వర్‌లో (ఎర్లాంగ్ భాషలో రాసిన వెబ్ సర్వర్) నా డాష్‌బోర్డ్ వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) సరిగ్గా 60 సెకన్లకు తెగిపోతోందని అడిగాను కదా, సమస్య తీరింది. సర్వర్ ముందుండే ప్రాక్సీయే తెంచుతోందనుకుని రెండు రోజులు దాన్ని ఊరికే తిట్టుకున్నాను.

ఐడిల్ టైమ్‌అవుట్‌ని (ఏమీ రాకపోతే ఎంతసేపటికి కనెక్షన్ మూసేయాలనే గడువు) నేను సర్వర్‌ని మొదలుపెట్టే స్టార్ట్ క్లియర్ ఫంక్షన్‌కి ఇచ్చే సెట్టింగుల మ్యాప్‌లో పెట్టాను. అది హెచ్‌టీటీపీ కనెక్షన్లకే. వెబ్‌సాకెట్‌కి విడిగా ఉంటుంది, డిఫాల్ట్ 60000 మిల్లీసెకన్లు. కనెక్షన్ రాగానే నడిచే ఇనిట్ ఫంక్షన్ తిరిగిచ్చే టపుల్‌లో (విలువల వరుస) స్టేట్ తర్వాత నాలుగోదిగా, ఈ టైమ్‌అవుట్ ఉన్న వేరే మ్యాప్ ఇవ్వాలి. ఇంకో మెలిక: ఆ గడియారం క్లయింట్ నుంచి ఏదైనా వస్తేనే మళ్లీ మొదలవుతుంది. నా సర్వర్ సెకనుకోసారి డేటా పంపుతున్నా లెక్కలోకి రాలేదు.

ముందు ఆ టైమ్‌అవుట్‌కి ఇన్ఫినిటీ (గడువే లేకుండా) పెట్టేశాను. తెగడం ఆగింది కానీ, సిగ్నల్ పోయిన ఫోన్ల ప్రాసెస్‌లు సర్వర్‌లో అలాగే పేరుకుపోయాయి. ఇప్పుడు 120000 మిల్లీసెకన్లు పెట్టి, 30 సెకన్లకోసారి సర్వర్ నుంచే పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) పంపుతున్నాను. బ్రౌజర్ తనంతట తానే జవాబుగా పాంగ్ పంపుతుంది, గడియారం మళ్లీ మొదలవడానికి అదే చాలు.

మొదట ఆ పింగ్ కూడా వెళ్లలేదు, మళ్లీ టెన్షన్! పింగ్ పంపమని గుర్తుచేసే టైమర్‌ని ఇనిట్‌లో పెట్టి, దాని సందేశం సెల్ఫ్‌కి (అప్పుడు నడుస్తున్న ప్రాసెస్‌కే) వచ్చేలా చేశాను. ఇనిట్ నడిచే ప్రాసెస్ వేరు, వెబ్‌సాకెట్ నడిచేది వేరు. అందుకే ఆ సందేశం వెబ్‌సాకెట్‌కి చేరలేదు. టైమర్‌ని వెబ్‌సాకెట్ ప్రాసెస్‌లోనే నడిచే వెబ్‌సాకెట్_ఇనిట్‌లోకి మార్చాక నిన్న రాత్రి నుంచి ఒక్కసారి కూడా తెగలేదు.