అప్‌డేట్: ఒక్క ట్యాప్ రూట్ కుదరలేదు, మ్యాజిస్క్‌తో అయింది

ఆండ్రాయిడ్ 11 ఫోన్‌ని కంప్యూటర్ లేకుండా ఒక్క యాప్‌తో రూట్ చేయొచ్చా (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవచ్చా) అని అడిగాను కదా, కుదరలేదు. 2014లో టవల్‌రూట్ అనే ఒక్క ట్యాప్ యాప్ పనిచేసింది కెర్నెల్‌లోని (సిస్టమ్ మూల భాగంలోని) ఫ్యూటెక్స్ అనే కోడ్‌లో ఉన్న లోపం వల్ల. ఆండ్రాయిడ్ కెర్నెల్‌కి మూలమైన లినక్స్‌లో దాన్ని ఆ జూన్‌లోనే పూడ్చేశారు. ఇప్పుడు "వన్ క్లిక్" అని కనిపించే ఏపీకేల (యాప్ ఫైళ్ల) జోలికి పోకపోవడమే మంచిది.

పనైన దారి ఇది. ముందు బ్యాకప్, ఎందుకంటే బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయగానే డేటా మొత్తం పోతుంది. తర్వాత ఫోన్‌లో ఉన్న బిల్డ్‌దే (సాఫ్ట్‌వేర్ వెర్షన్‌దే) ఫర్మ్‌వేర్, అంటే ఫోన్ సిస్టమ్ ఫైళ్లు, దించి, అందులోని బూట్ ఇమేజ్‌ని (ఫోన్ ఆన్ అవడానికి వాడే ఫైల్‌ని) మ్యాజిస్క్ అనే రూటింగ్ యాప్‌లో ప్యాచ్ చేసి (మార్చి), ల్యాప్‌టాప్ నుంచి ఫాస్ట్‌బూట్ అనే టూల్‌తో ఫ్లాష్ చేయాలి, అంటే ఫోన్‌లోకి ఎక్కించాలి. నేను మొదట వేరే బిల్డ్‌ది వేశాను, ఫోన్ లోగో దగ్గరే ఆగిపోయింది. సరైన బిల్డ్ అసలు ఇమేజ్ ఫ్లాష్ చేస్తే లేచింది, కాబట్టి ఆ ఫైల్ డిలీట్ చేయకండి. ఆండ్రాయిడ్ 13తోనే వచ్చిన ఫోన్లలో చాలావాటికి బూట్ కాదు, ఇనిట్ బూట్ అనే వేరే ఇమేజ్‌ని ప్యాచ్ చేయాలి.

ఫాస్ట్‌బూట్ "వెయిటింగ్ ఫర్ డివైస్" అని గంటసేపు ఆగింది డ్రైవర్ వల్ల కాదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న చౌక కేబుల్‌లో డేటా తీగలే లేవు, అది చార్జింగ్‌కి మాత్రమే!

రూట్ చేశాక బ్యాంక్ యాప్ మాత్రం ఇంకా తెరుచుకోవట్లేదు. మ్యాజిస్క్‌లోని జైగిస్క్ సెట్టింగ్ ఆన్ చేసి, దాన్ని డినైలిస్ట్‌లో (మ్యాజిస్క్ మార్పులు వర్తించకూడని యాప్‌ల జాబితాలో) పెట్టినా అంతే. యూపీఐ వేరే ఫోన్‌కి మార్చేశాను.