ఆనకట్టతో డెల్టా పెరిగింది సరే, దేశాలు ఎప్పటికీ పెరగాలంటే ఏం కావాలి?

ప్రశ్న (మండపేట)
1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల దశ తిరిగింది. అలాగే డబ్బు పోసి కాలువలు, రోడ్లు, కరెంటు ఇస్తే ఏ దేశమైనా పెరుగుతూనే ఉండాలి కదండీ? కొన్ని మధ్యలోనే ఎందుకు ఆగిపోతున్నాయి? లెక్కతో చెప్పండి.

జవాబు 1 (రాజోలు)
మొదటి బస్తా యూరియాకి దుబ్బు కడుతుంది, రెండోదానికి కొంచెం. నాలుగోది వేస్తే చేను పడిపోతుంది, దోమ పడుతుంది. పెట్టుబడీ అంతేనండి. పైగా ఉన్నదాని తరుగు పూడ్చుకోవాలి: ఏటా పూడిక తియ్యకపోతే శివారుకి నీరందదు కదా. ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1956లో తేల్చింది ఇదే. పొదుపు పెంచితే ఆదాయం ఓ మెట్టెక్కుతుంది గానీ వృద్ధి రేటు శాశ్వతంగా పెరగదు.

లెక్క చూడండి. జీడీపీ వృద్ధి 6 శాతం, పెట్టుబడి 9, శ్రామికులు 1.5 అనుకుందాం. ఆదాయంలో పెట్టుబడి వాటా మూడో వంతు అయితే 9లో 3 వస్తుంది. మిగతా రెండు వంతులు శ్రమవి, 1.5లో 1. ఆరులో నాలుగు పోగా మిగిలిన 2 ఉత్పాదకత, అంటే అదే పెట్టుబడి, అదే శ్రమతో ఎక్కువ పండించడం. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఖర్చు పెట్టిందంతా పెట్టుబడి కింద రాసేస్తారు. సగంలో ఆగిన ఎత్తిపోతల పథకమూ అందులో చేరుతుంది, చుక్క నీరు రాదు.

జవాబు 2 (తణుకు)
ఆ 2 ఎక్కడిదన్నదే అసలు సంగతి. మన మారుటేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) వరి వంగడం చూడండి. పంపుసెట్టు ఒకరి చేలో ఉంటే పక్కవాడికి లేదు. స్వర్ణ ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పోయినా మనకి గింజ తరగలేదు. పంచినా తరగని ఈ గుణం మీదే ఆర్థికవేత్త పాల్ రోమర్ 1990లో తన సిద్ధాంతం కట్టారు. తలసరి ఆదాయం ఏటా 2 శాతం పెరిగితే రెట్టింపవడానికి 35 ఏళ్లు, 7 అయితే పదేళ్లే. ఆ కొద్ది తేడాయే ఒక తరం బతుకు.

జవాబు 3 (అమలాపురం)
విత్తనం ఉన్నా వేసేవాడికి ధీమా ఉండాలండి. వచ్చే సార్వాకి ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు పచ్చిరొట్ట చల్లడు, బోదె తవ్వించడు. 1950లో దక్షిణ కొరియా 3 హెక్టార్లకి పరిమితి పెట్టి, మిగులు భూమిని దున్నేవాడికే ఇచ్చింది. ధర ఏడాది పంటకి ఒకటిన్నర రెట్లు, ఐదేళ్లలో కట్టాలి. తర్వాతి వృద్ధంతా దీనివల్లే అనను, ఎగుమతులు, చదువూ తోడయ్యాయి. కానీ పునాదుల్లో ఇదొకటని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు
మనకీ కౌలు కార్డులున్నాయిగా?

జవాబు 3
ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం 11 నెలలకేనండి, అదీ భూయజమాని సంతకం పెడితేనే. ఆ గడువులో ఒక దాళ్వాకి ఎరువు కొంటారు గానీ, మూడేళ్లకి ఫలితమిచ్చే పని మొదలుపెట్టరు.