పటర్ మారిస్తే ధైర్యం వస్తుందా? ప్రొఫెషనల్ గోల్ఫర్ల పరికరాలు, దుస్తులు, ఆత్మవిశ్వాసం

ప్రశ్న (కొత్త ఆటగాడు)

నేను గోల్ఫ్ ఆడడం మొదలుపెట్టి మూడేళ్లయింది. పెద్ద టోర్నమెంట్లను టీవీలో చూడడం మాత్రం అంతకు చాలా ముందునుంచే అలవాటు. 2024 మార్చిలో స్కాటీ షెఫ్లర్ పటర్ (రంధ్రం దగ్గర బంతిని నెమ్మదిగా దొర్లించే కర్ర) మార్చినప్పటినుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. అప్పటికే ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న షెఫ్లర్, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నని గడ్డి) చేరేవరకు ఎవరికీ అందని ఆట ఆడి, తీరా గ్రీన్ మీదికి వచ్చాక చిన్న చిన్న పట్‌లను (పటర్‌తో వేసే దెబ్బలను) చేజార్చుకునేవాడు. సన్నని బ్లేడ్ పటర్‌ను పక్కన పెట్టి, తల వెడల్పుగా ఉండే మాలెట్ పటర్‌కు మారిన వెంటనే ఆర్నాల్డ్ పామర్ ఇన్విటేషనల్‌ను ఐదు స్ట్రోకుల తేడాతో, అంటే ఐదు దెబ్బలు తక్కువ కొట్టి, గెలిచాడు. ఆ మరుసటి వారం ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌ను, ఏప్రిల్‌లో మాస్టర్స్‌ను కూడా గెలుచుకున్నాడు.

అది చూశాక నాకూ ఆశ పుట్టింది. నాకు బాగా నచ్చిన ఒక ఆటగాడు వాడే డ్రైవర్‌ను (బంతిని చాలా దూరం కొట్టే క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను), ఆయన వాడేంత బిగువైన షాఫ్ట్‌తోనే (కాడతోనే) కొన్నాను. ఆయన వేసుకునే తరహా దుస్తులు కూడా కొన్నాను. మొదటి రెండు వారాలు నా ఆట నిజంగానే మెరుగైనట్టు అనిపించింది. ఆ తరువాత బంతి కుడివైపు వంగిపోవడం మొదలైంది. ఇప్పుడు మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) మీద నిలబడితే, పాత క్లబ్‌తో ఎన్నడూ లేని బెరుకు కలుగుతోంది. ప్రొఫెషనల్ ఆటగాళ్లకు పరికరాల వల్ల నమ్మకం వస్తుందా, లేక అప్పటికే ఉన్న నమ్మకంతో వారు ఏ పరికరంతోనైనా ఆడగలరా? దుస్తుల మీద వారు చూపే శ్రద్ధకు కంపెనీలతో ఒప్పందాలే కారణమా, లేక ఆటలో కూడా దానికి ఏదైనా పాత్ర ఉందా? దీనిని దగ్గరగా చూసినవారు వివరంగా చెబితే కృతజ్ఞుడను.

మొదటి సమాధానం (క్లబ్ ఫిట్టర్)

ఆటగాళ్ల స్వింగ్‌ను కొలిచి వారికి తగిన క్లబ్బులను అమర్చడం నా వృత్తి కనుక, మీ ప్రశ్నలో పరికరాలకు సంబంధించిన భాగానికి జవాబు చెబుతాను. మీరు కొన్నది ఆ ఆటగాడి డ్రైవర్ కాదు, అదే పేరున్న మరో డ్రైవర్. అమెరికాలోని ప్రధాన ప్రొఫెషనల్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో డ్రైవర్ తల బంతిని తాకే సగటు వేగం గంటకు సుమారు 115 మైళ్లు ఉంటుంది, ఆ షాఫ్ట్ బిగువు అటువంటి వేగానికి తగినది. మీ వేగం 90 మైళ్ల దగ్గర ఉంటే, ఆ షాఫ్ట్ మీ చేతిలో తగినంత వంగదు. అప్పుడు క్లబ్ ముఖం పూర్తిగా మూసుకోకముందే బంతిని తాకే అవకాశం పెరుగుతుంది. కుడిచేతివాటం ఆటగాడికి బంతి కుడివైపు పోవడానికి ఇది చాలా సాధారణమైన కారణాలలో ఒకటి. అంటే మీ బెరుకు మనసులో పుట్టినది కాకపోవచ్చు. ఈ క్లబ్ తనకు సరిపడదన్న సంగతిని మీ శరీరం ముందుగానే గ్రహించి ఉండవచ్చు.

టోర్నమెంట్ జరిగే చోట పెద్ద కంపెనీల వర్క్‌షాపు ట్రక్కులు నిలిచి ఉంటాయి. ఆటగాడు లోపలికి వెళ్లి అర డిగ్రీ లాఫ్ట్ (క్లబ్ ముఖపు వాలు) తగ్గించమనో, తల వెనుక సీసపు టేపు అంటించమనో, గ్రిప్ (పిడి) కింద మరో పొర చుట్టమనో అడుగుతాడు. బయటివారికి ఇది చాదస్తంలా కనిపించవచ్చు గాని, నిబంధనలను చూస్తే కారణం బోధపడుతుంది. సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు, డ్రైవర్ తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు, బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. పెద్ద టూర్లలో 2022నుంచి డ్రైవర్ పొడవును కూడా 46 అంగుళాలకు పరిమితం చేశారు. ఇన్ని హద్దుల మధ్య కొనుక్కోగలిగే ఆధిక్యం చాలా తక్కువ కనుక, ప్రొఫెషనల్ తన క్లబ్ నుంచి కోరేది ఒక్కటే: సరిగ్గా తాకినప్పుడు బంతి ప్రతిసారీ అంతే దూరం, అదే ఎత్తున వెళ్లాలి.

అందుకే వారిలో చాలామంది పాత క్లబ్బులను వదలరు. టైగర్ వుడ్స్ తన 15 మేజర్లలో (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నమెంట్లలో సాధించిన విజయాలలో) 14 గెలిచింది స్కాటీ కామెరాన్ అనే తయారీదారు రూపొందించిన ఒకే పటర్‌తో. స్వీడన్ ఆటగాడు హెన్రిక్ స్టెన్సన్ డ్రైవర్ కంటే కాస్త చిన్నదైన తన త్రీ-వుడ్ క్లబ్‌ను, దానిని తయారుచేసిన కంపెనీయే ఎన్నో కొత్త నమూనాలు తెచ్చాక కూడా, ఏళ్ల తరబడి సంచిలోనే ఉంచుకున్నాడు. ఏటా కొత్త నమూనా అమ్ముకోవలసిన కంపెనీకి ఇది ఇబ్బందే. కొందరు ఆటగాళ్లు తమకు నచ్చిన ఒకటి రెండు పాత క్లబ్బులను ఉంచుకునేలా ఒప్పందాలు రాయించుకుంటారు.

షెఫ్లర్ సంగతికి వస్తే, అందులో మంత్రమేమీ లేదు. బరువును తల చివరలకు జరిపితే, బంతి మధ్యభాగానికి కాస్త పక్కన తగిలినా పటర్ మెలి తిరగడం తగ్గుతుందని ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో తన మొదటి పింగ్ పటర్‌తోనే చూపించాడు. మాలెట్ అదే సూత్రాన్ని మరింత ముందుకు తీసుకువెళుతుంది, పైగా దాని వెడల్పైన తల మీద గీత గీస్తే గురి చూడడం సులువవుతుంది. ఆ ఫిబ్రవరిలో మరో అగ్రశ్రేణి ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ టీవీ వ్యాఖ్యానంలో షెఫ్లర్ మాలెట్‌ను ప్రయత్నిస్తే చూడాలని ఉందన్నాడు, తనకు అది ఎంత మేలు చేసిందో కూడా చెప్పాడు. గురి కుదిరిందా లేదా అన్న సందేహం తీరడం వల్లనే షెఫ్లర్ స్ట్రోక్ కుదుటపడిందని నా అభిప్రాయం. పరికరం నమ్మకాన్ని ఇవ్వగలదనే నేను అంటాను, కాకపోతే అది మీ కొలతలకు తగినదై ఉండాలి.

రెండవ సమాధానం (పాత ప్రేక్షకురాలు)

దుస్తుల గురించి నేను చెబుతాను. ముప్ఫై ఏళ్లుగా ఈ ఆటను చూస్తూ, ఎవరేమి వేసుకున్నారో కూడా శ్రద్ధగా గమనించినదాన్ని. ఒప్పందాల మాట నిజమే. చొక్కా మీద, టోపీ మీద కనిపించే ప్రతి గుర్తుకూ ఎవరో డబ్బు చెల్లిస్తారు, ఏ రోజు ఏ రంగు వేసుకోవాలో టోర్నమెంట్‌కు ముందే నిర్ణయమై ఉండడం కూడా మామూలే. అయినా గోల్ఫ్‌లో దుస్తులకు ఇతర ఆటలలో లేని ఒక స్థానం ఉంది, ఎందుకంటే ఇక్కడ జట్టు యూనిఫాం ఉండదు. ఆటగాడు నాలుగు రోజులపాటు వేల మంది ఎదుట, తానెవరో తానే చెప్పుకుంటూ ఒంటరిగా నడుస్తాడు. గ్యారీ ప్లేయర్ నలుపును తన రంగుగా చేసుకున్నాడు. టైగర్ ఆదివారం ఎరుపు వేసుకోవడానికి, అది నీకు బలమిచ్చే రంగు అని వాళ్లమ్మ చెప్పిన మాటే మూలం. నైకీతో 27 ఏళ్ల బంధం ముగిసిన తరువాత 2024లో ఆయన పేరుతో వచ్చిన దుస్తుల బ్రాండ్ సన్ డే రెడ్ కూడా ఆ ఎరుపు మీదనే నిలబడింది. తల్లి మాటగా మొదలైనది వ్యాపారమైంది. అయినా చివరి రౌండ్ రోజు ఆ చొక్కా తొడుక్కునే మనిషికి అందులో తల్లి మాట వినిపించి ఉండదని నేను అనుకోను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ పేన్ స్టీవర్ట్. మోకాళ్ల కింద బిగించిన పాతకాలపు నికర్లు, పొడవైన మేజోళ్లు, చదునైన టోపీ వేసుకుని ఆడేవాడు. అలాంటి వేషం వేసుకున్నవాడు చెడుగా ఆడితే దాక్కోవడానికి చోటుండదు. 1999 యూఎస్ ఓపెన్ చివరి రోజున పైన్‌హర్స్ట్‌లో చలిగా, తుంపరగా ఉండడంతో వాన కోటు తొడుక్కున్నాడు. కోటు చేతులు స్వింగ్‌కు అడ్డు వస్తున్నాయని కత్తెరతో వాటిని కత్తిరించేశాడు. ఆఖరి గ్రీన్ మీద సుమారు 15 అడుగుల పట్ వేసి ఫిల్ మికెల్సన్ మీద ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచాడు. అంతగా అలంకారం మీద మక్కువ ఉన్న మనిషి, భుజం స్వేచ్ఛగా కదలడం కోసం కోటును పాడుచేసుకోవడానికి క్షణం కూడా వెనుకాడలేదు. నాలుగు నెలల తరువాత విమాన ప్రమాదంలో ఆయన మరణించాడని తెలిసినవారికి, ఆ చేతుల్లేని కోటు ఫొటో ఈనాటికీ చూడడం కష్టంగానే ఉంటుంది.

నియమాలు కూడా ఆటగాళ్ల మనసు మీద ప్రభావం చూపుతాయి. పీజీఏ టూర్‌లో ఎంత ఎండలోనైనా పొడవు ప్యాంటే వేసుకోవాలి. సాధన రౌండ్లలో, ప్రో-యామ్‌లలో (ప్రొఫెషనల్స్ అమెచ్యూర్లతో కలిసి ఆడే రౌండ్లలో) పొట్టి నిక్కర్లు అనుమతించడానికే 2019 దాకా పట్టింది. 2017లో మహిళల ప్రొఫెషనల్ టూర్ అయిన ఎల్పీజీఏ స్కర్టు పొడవు, మెడ లోతు, లెగ్గింగ్‌ల మీద కట్టుబాట్లు పెట్టినప్పుడు నాకు బాధ కలిగింది. ఆడదానికి మొదటి టీ మీద ఆలోచించవలసిన విషయాలు అప్పటికే చాలా ఉంటాయి, ఆపైన తన స్కర్టు కొలతను కూడా గుర్తు పెట్టుకోమనడం సరికాదు. కొత్త ఆటగాడు గారూ, మీరు కొన్న దుస్తులు భుజం దగ్గర పట్టకుండా, మాటిమాటికీ సర్దుకోవలసిన అవసరం లేకుండా ఉంటే వాటిని ఉంచుకోండి. మరొకరిలా కనిపించాలన్న ప్రయత్నం మీ ధ్యాసను లాగుతుంటే పక్కన పెట్టండి.

మూడవ సమాధానం (టోర్నీల క్యాడీ)

క్లబ్ ఫిట్టర్ గారు చెప్పిన ప్రతి సాంకేతిక విషయాన్నీ ఒప్పుకుంటూనే, పరికరం నమ్మకాన్ని ఇవ్వగలదన్న చివరి మాటతో విభేదిస్తున్నాను. 1991లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన ఇయాన్ బేకర్-ఫించ్‌కు పరికరాలకు లోటు ఏముంది? 1995లో అదే టోర్నమెంట్‌లో, సెయింట్ ఆండ్రూస్ మొదటి టీ మీద, పద్దెనిమిదవ ఫెయిర్‌వేతో (టీ నుంచి గ్రీన్ వైపు సాగే కత్తిరించిన గడ్డి దారితో) కలిసి ఎంతో వెడల్పుగా పరుచుకున్న ఆ మైదానంలో, బంతిని ఎడమవైపు హద్దు దాటించాడు. 1997లో ట్రూన్‌లో ఒక రౌండ్‌లో 92 స్ట్రోకులు కొట్టి టోర్నమెంట్ నుంచి తప్పుకున్నాడు. 2016 మాస్టర్స్ మొదటి గ్రీన్ మీద ఎర్నీ ఎల్స్ రెండు మూడు అడుగుల దూరం నుంచి ఆరు పట్‌లు వేశాడు. ఆయన చేతిలోని పటర్ ఆ క్షణంలో చెడిపోలేదు.

ఆటగాడి క్లబ్బుల సంచి మోస్తూ సలహా చెప్పే క్యాడీగా నా తొలి రోజులలో ఒకసారి, గాలి తేల్చుకోలేక, దూరం చెబుతూ, క్లబ్ ఎంచుతూ "ఏడో ఐరన్ సరిపోతుందేమో" అన్నాను. ఆ "ఏమో" ఆటగాడి భుజాలలోకి వెళ్లిపోవడం కళ్లారా చూశాను. స్వింగ్ మధ్యలో నెమ్మదించాడు, బంతి నీళ్లలో పడింది. క్లబ్ సరైనదే, తప్పు నాది. ఆ రోజునుంచి నాకు తెలియనిది తెలియదని ముందే చెప్పి, ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చాకే క్లబ్ అందించడం నేర్చుకున్నాను.

ప్రొఫెషనల్ ఆత్మవిశ్వాసం గురించి బయట ఉన్న పెద్ద అపోహ ఏమిటంటే, వారు ప్రతి పట్ పడుతుందని నమ్ముతారని. పీజీఏ టూర్ ఆటగాళ్లు ఎనిమిది అడుగుల దూరం నుంచి వేసే పట్‌లలో దాదాపు సగమే పడతాయి. ఈ సంగతి తెలిసినవాడు పట్ తప్పినప్పుడు తన చేతులను అనుమానించడు, తెలియనివాడు మూడు పట్‌లు తప్పగానే కొత్త పటర్ కోసం వెతుకుతాడు. మెకిల్‌రాయ్ 2011 మాస్టర్స్‌లో నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి 80 స్ట్రోకులు కొట్టి దానిని పోగొట్టుకున్నాడు. రెండు నెలలకే యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది స్ట్రోకులతో గెలిచాడు. మాస్టర్స్ జరిగే అగస్టాలో గెలవడానికి మాత్రం 2025 దాకా ఆగవలసి వచ్చింది. ఒకే మనిషిలో ఒక మైదానంలో నిండుగా ఉన్న నమ్మకం మరో మైదానంలో పద్నాలుగేళ్లపాటు పరీక్షకు గురైంది. దానిని కొలిచి అమర్చే యంత్రం లేదు.

క్లబ్ ఫిట్టర్ (మళ్లీ)

క్యాడీ గారూ, మీ నీళ్లలో పడిన బంతి కథ నాకు చాలాకాలం గుర్తుంటుంది. అయినా బెర్న్‌హార్డ్ లాంగర్‌ను మరచిపోకండి. పట్ వేసేటప్పుడు చేతులు వాటంతట అవే అదిరిపడే యిప్స్ ఆయనను ఒకటికి రెండుసార్లు కుంగదీశాయి. ప్రతిసారీ పటర్‌ను పట్టుకునే తీరు మార్చి, చివరకు పొడవైన పటర్‌కు మారి బయటపడ్డాడు. మధ్యలో 1985లో, 1993లో మాస్టర్స్ గెలిచాడు. పటర్‌ను శరీరానికి ఆనించి వేయడాన్ని 2016లో నిషేధించినప్పుడు ఆయన ఆట ముగిసిందనుకున్నారు. అదే పొడవైన పటర్‌ను ఛాతీకి ఆనించకుండా పట్టుకుని 2017లో మూడు సీనియర్ మేజర్లు గెలిచాడు. మనసు ఒక అలవాటులో ఇరుక్కున్నప్పుడు, చేతులకు కొత్త పని చెప్పడం ద్వారా దానిని విడిపించవచ్చు.

టోర్నీల క్యాడీ (మళ్లీ)

లాంగర్ విషయంలో మీ మాట కాదనలేను. అయితే ఆ కొత్త పట్టు మీద ఆయన ఎన్ని గంటల సాధన చేసి ఉంటాడో కూడా లెక్కలో వేసుకుందాం.

కొత్త ఆటగాడు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న నా స్వింగ్ వేగం కొలిపించుకున్నాను: గంటకు 88 మైళ్లు. అదే డ్రైవర్ తలకు మెత్తని షాఫ్ట్ బిగించి ఇరవై బంతులు కొడితే, పద్నాలుగు ఫెయిర్‌వే వెడల్పులోనే పడ్డాయి. బిగువైన షాఫ్ట్‌తో ఏడే. మెత్తని షాఫ్ట్‌తో కొట్టినవాటిలో మిగిలిన ఆరు ఎందుకు తప్పాయో తెలియలేదు, వాటి గురించి వచ్చే వారం మళ్లీ అడుగుతాను. కొత్త చొక్కాలలో ఒకటి భుజం దగ్గర పట్టేస్తోంది, దానిని తీసి పక్కన పెట్టాను.