మిస్సమ్మ నుంచి భానుమతిని తీసేయడం సబబేనా?

నేలటికెట్: నిన్న మళ్ళీ మిస్సమ్మ (1955) చూశా. పెళ్లయిన గ్రాడ్యుయేట్ జంటే టీచర్లుగా కావాలని ప్రకటన, ఉద్యోగం కోసం ఎన్టీఆర్, సావిత్రి మొగుడూపెళ్లాల వేషం కట్టడం... ఎన్నిసార్లు చూసినా నవ్వే. సావిత్రి వేసిన మేరీ అనే క్రైస్తవ అమ్మాయి వేషానికి ముందు భానుమతితో నాలుగు రీళ్లు తీశారట. వరలక్ష్మీ వ్రతం రోజు ఆవిడ ఆలస్యంగా వస్తే, నిర్మాత చక్రపాణి క్షమాపణ పత్రం రాయమన్నారు. రాయనంది. ఆ రీళ్లు తగలబెట్టేశారని చెప్పుకుంటారు. బొట్టంటేనే మండిపడే మేరీ వేషం పూజ దగ్గర పోయింది చూడండి! ఇంతకీ ఆయన చేసింది న్యాయమేనా?

కాల్‌షీట్ కామేశం: నూటికి నూరుపాళ్లు. తెలుగు, తమిళం ఒకేసారి తీస్తున్న సినిమా అది. ఒక్కరు రాకపోతే రెండింటికీ దెబ్బ. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ లైటింగ్ చేసుకుని ఎవరి కోసం కూర్చోవాలి? భరణి పిక్చర్స్ అని సొంత నిర్మాణ సంస్థ నడిపిన భానుమతికి ఆ నష్టం ఎంతో ఒకరు చెప్పాలా?

శ్రావణి: వ్రతం ఉంది, ఆలస్యమవుతుందని ఆవిడ ముందే ప్రొడక్షన్ మేనేజరుకి ఉత్తరం రాసిందండీ. అది చక్రపాణి దాకా వెళ్లలేదంటారు. అలాంటప్పుడు పత్రం రాయాల్సింది మేనేజరు కదా?

కాల్‌షీట్ కామేశం: ఉత్తరం పడేయడం వేరు, ఒప్పుకున్నారో లేదో కనుక్కోవడం వేరు.

బాల్కనీబాబు: పోనిద్దురూ, దానివల్లేగా మనకి సావిత్రి దొరికింది 🙂

నేలటికెట్: దొరకడమేంటి బాబూ, 1953లోనే దేవదాసులో పార్వతి ఆమె. మిస్సమ్మలోనూ అప్పటికే ఉంది. తర్వాత జమున వేసిన వేషం మొదట సావిత్రిదే.

శ్రావణి: ఉత్తరం సంగతి తేల్చండి ముందు.

కాల్‌షీట్ కామేశం: తేల్చేదేముంది? నేను సీరియళ్లకి లైట్‌బాయ్‌గా చేశాను. ఒకావిడ తొమ్మిదింటి షాట్‌కి భోజనాల వేళకి దిగేది. ఆ ఆలస్యం రాత్రి మా నెత్తిన పడేది. ఆఖరి బస్సు పోతే ట్రాలీ పట్టాల పక్కనే చాప వేసుకునేవాళ్లం. ఆవిడ కారు డోరు తీసి పట్టుకునేవాడు మేనేజరు. సారీ అన్న మాట ఒక్కరోజూ వినలేదు. చక్రపాణి లాంటి నిర్మాత ఉంటే బాగుండేదనిపించేది.

శ్రావణి: ఆ సీరియల్ ఆవిడ మీద కోపం భానుమతి మీద తీర్చుకుంటే ఎలా? నాకూ ఉండేవాడొక మేనేజరు. పాపకి జ్వరమని ఫోన్ చేసి చెప్పే ఆలస్యంగా వెళ్లాను. అయినా తెల్లకాగితం చేతికిచ్చి, తన టేబుల్ ముందు నిలబెట్టి, అందరూ చూస్తుండగా రాయించాడు. ఆ వారంలోనే మా టీమ్ లీడర్ పన్నెండింటికి వస్తే నవ్వుతూ టీ తెప్పించాడు. ఆలస్యానికి జీతం కోసుకోండి, అడగను. పత్రం రాయించేది నష్టం పూడ్చుకోవడానికి కాదు, తల వంచడానికి.

కాల్‌షీట్ కామేశం: మా తలలు ఎప్పుడూ వంగే ఉన్నాయి మేడమ్! అప్పుడెవరూ థ్రెడ్ పెట్టలేదు. హీరోయిన్ పరువు పోతే డెబ్బై ఏళ్లు చర్చ, లైట్‌బాయ్ నిద్ర పోతే ఎవడికి పట్టింది?

బాల్కనీబాబు: అమ్మో. సరదా టాపిక్ అనుకుని వచ్చా.

నేలటికెట్: కామేశం గారూ, మీ బాధ నిజమే. కానీ ఆ పత్రం ఎవరి పేరున రాయమన్నారు? ఎదురుచూసి విసిగిన యూనిట్ పేరున కాదు కదా, చక్రపాణి పేరున.

కాల్‌షీట్ కామేశం: ఎవరి పేరునైతేనేం. ఒకసారి రాస్తే మర్నాడు టైముకి వస్తారు.

శ్రావణి: అదే ఆలస్యం హీరో చేస్తే? ఆయన చేతా రాయించాలంటారా?

కాల్‌షీట్ కామేశం: రాయించాల్సిందే. మా యూనిట్‌లో హీరోలు ఇంకా ఘోరం.

శ్రావణి: మరి ఎవరైనా రాయించారా?

కాల్‌షీట్ కామేశం: పొద్దున ఆరింటికి షిఫ్ట్ ఉంది. ఆ ఉత్తరం గురించి మాత్రం నేను ఒప్పుకోను.