పాయింటర్ జాతి వేటకుక్క పిల్లకు తుపాకీ చప్పుడు అలవాటు చేయడం ఎలా?

ప్రశ్న (అమెరికాలోని కాన్సస్ నుంచి): జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, 6 నెలలు. నవంబరులో ఫెజెంట్ (కోడి జాతి అడవి పిట్ట) వేట సీజన్. షూటింగ్ రేంజికి తీసుకెళ్తే చప్పుడు అలవాటవుతుందాండీ?

జవాబు 1: రేంజికి వద్దే వద్దు. అక్కడ చప్పుడే తప్ప పిట్ట ఉండదు, కుక్కకు మిగిలేది భయమే. 2, 3 వారాలు తుపాకీ ఊసెత్తకుండా పావురాలను వదిలి వెంటపడనివ్వండి. అది మంచి ఊపులో పరిగెడుతున్నప్పుడు 100 గజాల అవతల ఇంకొకరు .22 ఖాళీ తూటా (గుండు లేనిది, చప్పుడు మాత్రమే చేసేది) ఒక్కటి, అటు తిరిగి పేల్చాలి. పట్టించుకోలేదా, మర్నాడు 80 గజాలు. తోక ముడిచినా, పరుగు ఆపి మీ కాళ్ల దగ్గరికొచ్చినా చప్పుడు మానేసి మళ్లీ వారంపాటు పిట్టలే.

జవాబు 2: పిట్ట కనబడకుండా ఒక్కసారీ పేల్చొద్దు, అసలు కిటుకు అదే. దగ్గరికొచ్చాక 20 గేజ్ తుపాకీ, ఆ తర్వాతే అంతకన్నా పెద్దదైన 12 గేజ్. తొందరపడి రోజుకు పదిసార్లు పేల్చేవాళ్లే ఎక్కువ. ఒకటి రెండు చాలు.

జవాబు 3: జులై 4 (అమెరికా స్వాతంత్ర్య దినం) రాత్రి మాత్రం ఇంట్లోనే ఉంచండి. టపాసులతో పుట్టిన బెదురు వదిలించడం చాలా కష్టం.