ఆండ్రాయిడ్ 10లో సిగ్‌సిస్ (కూడని సిస్టమ్ కాల్ చేస్తే కెర్నల్ పంపే సిగ్నల్) కొట్టి యాప్ పడిపోతా ఉంది, 13లో బాగుంది. ఎందుకు?

తోతాపురి_కోడ్, చిత్తూరు
మామిడి మండీలో తూకం చీటీలు రాసే యాప్. బ్లూటూత్ కాటాతో మాట్లాడే నేటివ్ లైబ్రరీ గో 1.23లో రాసింది. ఆండ్రాయిడ్ 10 ఫోన్లలో తెరవగానే మూసుకుపోతుంది. లాగ్‌క్యాట్‌లో (ఫోన్ లాగ్) సిగ్నల్ 31, సిగ్‌సిస్. సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ను వడకట్టే కెర్నల్ ఫిల్టర్) ఆపిన సిస్టమ్ కాల్ నంబర్ 434 అని ఉంది. అదే కోడ్‌ను విడి బైనరీగా ఏడీబీ షెల్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే చోట) నడిపితే ఏ గొడవా లేదు. మ్యానిఫెస్ట్‌లో పర్మిషన్ ఏదైనా పెట్టాలా అన్నా?

అలిపిరి_నేటివ్, తిరుపతి
పర్మిషన్‌తో పని కాదు. ఆండ్రాయిడ్ 8 నుంచి జైగోట్‌లో (యాప్‌లను పుట్టించే తల్లి ప్రాసెస్) పుట్టే ప్రతి యాప్‌కూ సెక్‌కాంప్ ఫిల్టర్ పడుతుంది. పడ్డాక తీసే దారి లేదు, పిల్ల ప్రాసెస్‌లకూ అదే వస్తుంది. షెల్ జైగోట్ నుంచి పుట్టదు, ఆ పరీక్షను నమ్మొద్దు.

434 అంటే పిడ్‌ఎఫ్‌డీ_ఓపెన్, ఒక ప్రాసెస్‌కు హ్యాండిల్ తెరిచే కాల్. లాక్ ఫైల్‌లోని పిడ్ (ప్రాసెస్ నంబర్) తీసుకుని పాత ప్రాసెస్ బతికుందా అని చూసే కోడ్ ఉందా? గో 1.23లో ప్రాసెస్‌ను వెతికినా, కొత్తది పుట్టించినా ముందు ఆ కాల్‌ను ఒకసారి పిలిచి చూస్తుంది. ఈనోసిస్ (‘ఆ కాల్ లేదు’ అనే ఎర్రర్) వస్తే పాత పద్ధతికి పోదామని దాని లెక్క. ఫిల్టర్ ఈనోసిస్ ఇవ్వదు, సిగ్నల్ కొడుతుంది.

తోతాపురి_కోడ్
లాక్ ఫైల్ కోడ్ ఉంది. కానీ ఆ ఫోన్ కెర్నల్ 4.14. పిడ్‌ఎఫ్‌డీ_ఓపెన్ వచ్చింది 5.3లో కదా? లేని కాల్‌కు ఈనోసిస్సే రావాల.

అలిపిరి_నేటివ్
కెర్నల్ తన పట్టికలో వెతికే ముందే ఫిల్టర్ నంబర్ చూస్తుంది. అనుమతి జాబితాలో లేకపోతే అక్కడే ఆపేస్తుంది, కాల్ ఉందా లేదా అన్నదాకా పోదు. షెల్‌లో బాగుండేది అందుకే, అక్కడ నిజంగానే ఈనోసిస్ వస్తుంది.

కాణిపాకం_కెర్నల్
గో 1.23 సిరీస్‌లో చివరి ప్యాచ్‌తో మళ్లీ బిల్డ్ చెయ్, దీన్ని తర్వాత సరిదిద్దినారు. సీ కోడ్‌లో ఇదే ఎదురైతే పిలిచి చూడొద్దు, ఏపీఐ లెవెల్ (ఆండ్రాయిడ్ వెర్షన్‌కు ఉండే నంబర్) చూసి దారి మార్చు. సోర్స్ చేతిలో లేని లైబ్రరీ అయితేనే సిగ్‌సిస్ హ్యాండ్లర్ (ఆ సిగ్నల్‌ను పట్టే ఫంక్షన్): ఆర్మ్64లో ఎక్స్8 రిజిస్టర్‌లో కాల్ నంబర్ ఉంటుంది, ఎక్స్0లో మైనస్ 38 (ఈనోసిస్) పెట్టి తిరిగిరా, అంతే. పీసీని (తర్వాత నడిచే సూచన చిరునామా) ముట్టుకోవద్దు, అది అప్పటికే ఎస్‌వీసీ (సిస్టమ్ కాల్ చేసే సూచన) దాటి ఉంటుంది. నీకు తెలిసిన నంబర్లకే ఇది చెయ్, మిగతావి పాత హ్యాండ్లర్‌కు అప్పజెప్పు. అన్నిటినీ మింగేస్తే అసలు బగ్ ఎక్కడుందో దొరకదు.

32 బిట్ ఫోన్లలోనూ చూడు. 434 రెండింట్లో ఒకటే గానీ పాత కాల్స్ నంబర్లు వేరు: ఓపెన్‌ఎట్ ఆర్మ్64లో 56, 32 బిట్ ఆర్మ్‌లో 322.